మిల్లీమీటరు తప్పినా మోకాలు ఊరుకోదు

తెగిన లిగమెంటు స్థానంలో కొత్తది వేయాలంటే ఎముకల్లో రెండు సొరంగాలు తొలవాలి. అవి ఎక్కడ పడ్డాయన్నదాన్ని బట్టే ఆ మోకాలు మళ్లీ మైదానంలోకి దిగుతుందో లేదో తేలుతుంది. ఆ చోటు పట్టుకోవడానికి నూరేళ్లుగా వైద్యులు ఎన్నో పనిముట్లు తయారుచేసుకున్నారు. వాటిలో రోగికి నిజంగా మేలు చేసినవి ఏవి?

కబడ్డీ రైడర్ బోనస్ గీత దాటి, ఒంటి కాలు మీద గిర్రున వెనక్కి తిరుగుతాడు. పాదం మ్యాట్‌ మీద అలాగే నిలిచిపోతుంది, ఒళ్లు మాత్రం తిరిగిపోతుంది. ఎవరూ తాకలేదు, ఎవరూ పడగొట్టలేదు. అయినా లోపల ఏదో ‘టప్’మని తెగిన చప్పుడు. సాయంత్రానికల్లా మోకాలు వాచిపోతుంది. తడి రోడ్డు మీద బండి జారబోతుంటే కాలు ఆన్చి ఆపుకోబోయిన కుర్రాడిదీ ఇదే కథ. నెల తిరిగేసరికి వాపు తీస్తుంది, నడక వస్తుంది. బెణుకే కదా, తగ్గిపోయిందనుకుంటారు. ఆ తర్వాత ఓ రోజు మెట్లు దిగుతూనో, చటుక్కున పక్కకు తిరుగుతూనో ఉండగా మోకాలు పట్టు తప్పుతుంది. అప్పుడు ఎమ్మారై తీస్తే అసలు సంగతి బయటపడుతుంది. ఏసీఎల్ తెగిపోయింది!

ఆటగాళ్లకు ఈ మూడక్షరాలంటే ఒకప్పుడు హడలు. ఏసీఎల్ పోయిందంటే ఆట పోయినట్టే అనుకునేవారు. 1994లో పుణె జాతీయ క్రీడల్లో బ్యాడ్మింటన్ డబుల్స్ ఆడుతూ పుల్లెల గోపీచంద్ మోకాలికి పెద్ద దెబ్బే తగిలింది. శస్త్రచికిత్సలు చేయించుకుని, ఏళ్ల తరబడి శ్రమించి, 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచారు. మోకాలు బాగుపడితే ఎంత దూరం పోవచ్చో తెలుగువాళ్లకు అంతకంటే చెప్పాల్సింది లేదు. అయితే ఆపరేషన్ చేయించుకున్న ప్రతి మోకాలూ అలా నిలబడటం లేదు. ఎందుకు నిలబడటం లేదో తెలియాలంటే ముందు దాని లోపలికి చూడాలి.

మూడు సెంటీమీటర్ల పగ్గం

తొడ ఎముక కింది కొసన రెండు గుండ్రటి గుబ్బలు, వాటి మధ్య ఓ గాడి ఉంటాయి. ఏసీఎల్, అంటే యాంటీరియర్ క్రూషియేట్ లిగమెంట్, ఆ గాడిలో బయటివైపు గోడ దగ్గర మొదలవుతుంది. ఏటవాలుగా ముందుకూ లోపలికీ దిగి, కింది కాలి ఎముక పైతలంలో ముందు భాగాన అతుక్కుంటుంది. పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు. కాలి ఎముక ముందుకు జరిగిపోకుండా ఆపేది ఇదే. పరుగెత్తుతూ దిశ మార్చినప్పుడు మోకాలు మెలి తిరగకుండా పట్టి ఉంచేదీ ఇదే. పరిశోధకుడు శావియో వూ బృందం 1991లో ప్రచురించిన పరీక్షల్లో యువకుల ఏసీఎల్ సగటున 2,160 న్యూటన్ల లాగుడు వరకు తట్టుకుంది. అంటే దాదాపు 220 కిలోల బరువు!

ఇది ఒకే తాడులా కనిపించినా నిజానికి రెండు పాయలు. మోకాలు మడిచినప్పుడు ఒక పాయ బిగుస్తుంది, చాచినప్పుడు రెండోది బిగుస్తుంది. కూర్చున్నా లేచినా పరుగెత్తినా రెండూ వంతులవారీగా కాపు కాస్తుంటాయి.

ఇంత గట్టి లిగమెంటు ఒకసారి పూర్తిగా తెగితే తనంతట తాను అతుక్కోవడం అరుదు. చర్మానికి గాయమైతే రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మీదే కొత్త కణజాలం అల్లుకుంటుంది. కీలులో ఆ గడ్డ నిలవదు, కీలులోని ద్రవంలో చెదిరిపోతుంది. అందుకే తెగిన కొసలను కుట్టేబదులు రోగి ఒంట్లోంచే మరో స్నాయువు తీసి, దాన్ని కొత్త లిగమెంటుగా అమరుస్తారు. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్, మోకాలి చిప్ప కింది స్నాయువు, చిప్ప పైనుండే క్వాడ్రిసెప్స్, చీలమండ పక్కనుండే పెరోనియస్... వీటిలో ఏదో ఒకటి తీసుకుంటారు. దీన్నే గ్రాఫ్ట్ అంటారు. తొడ ఎముకలో ఒకటి, కాలి ఎముకలో ఒకటి సొరంగాలు తొలిచి, వాటిలోంచి గ్రాఫ్ట్‌ను లాగి, రెండు చివరలా బిగిస్తారు.

చెప్పడానికి నాలుగు ముక్కలే. చేసేటప్పుడు మాత్రం కష్టమంతా సొరంగం ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గరే.

గుంజ ఎక్కడ పాతారు?

పశువును కట్టే గుంజ ఎక్కడ పాతామన్నదాన్ని బట్టి పలుపు ఎటు బిగుస్తుందో, ఎటు వదులవుతుందో తేలుతుంది. మోకాలి విషయంలోనూ అంతే. తొడ ఎముకలో సొరంగం ఉండాల్సిన చోటు కంటే ముందుకు పడితే, మోకాలు మడిచేకొద్దీ గ్రాఫ్ట్ బిగిసిపోతుంది. రోగి పూర్తిగా మడవలేడు. బలవంతంగా మడిస్తే గ్రాఫ్ట్ సాగి వదులైపోతుంది. కాలి ఎముకలో సొరంగం ముందుకు పడితే చిక్కు మరో రకం. కాలు చాచిన ప్రతిసారీ గ్రాఫ్ట్ గాడి పైకప్పుకు రాసుకుంటుంది. కాలు తిన్నగా రాదు, గ్రాఫ్ట్ కూడా అరిగిపోతుంది. గ్రాఫ్ట్ మరీ నిటారుగా కూర్చుంటే వచ్చే లోపం మొదట్లో కనిపించదు. మోకాలు ముందుకు జారదు, నడకలో ఏ తేడా తెలియదు. మలుపు తిరిగే ఆటలోకి దిగాక గానీ మెలిక ఆపే శక్తి దానికి లేదని బయటపడదు.

దీనికి లెక్కలూ ఉన్నాయి. ఒకసారి ఆపరేషన్ చేశాక మళ్లీ తెగో, వదులయ్యో రెండోసారి బల్ల ఎక్కిన వాళ్ల మీద అమెరికాలో ‘మార్స్’ పేరిట పలు ఆసుపత్రుల వైద్యులు కలిసి అధ్యయనం చేశారు. మొదటి 460 మంది వివరాలు 2010లో వెలువడ్డాయి. శస్త్రచికిత్సలో సాంకేతిక లోపం వల్లే విఫలమయ్యాయనుకున్న కేసుల్లో 80 శాతం దాకా తొడ ఎముక సొరంగం చోటు తప్పినవే. మళ్లీ దెబ్బ తగలడం, గ్రాఫ్ట్ ఎముకకు సరిగా అతుక్కోకపోవడం లాంటి కారణాలూ ఉంటాయి. అయితే వైద్యుడి చేతిలో ఉన్న కారణాల్లో పెద్దది ఇదే. కాబట్టి పనిముట్ల వేటంతా ఈ సొరంగం చుట్టూనే సాగింది.

గని కార్మికుడి నుంచి కీహోల్ దాకా

1895లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో మేయో రాబ్సన్ అనే సర్జన్ 41 ఏళ్ల గని కార్మికుడి మోకాలు తెరిచి, తెగిన లిగమెంట్లను కుట్టారు. ఈ లిగమెంట్లకు చేసిన తొలి శస్త్రచికిత్సల్లో ఒకటిగా చరిత్రకెక్కింది అదే. 1917లో బ్రిస్టల్‌లో హే గ్రోవ్స్ మరో అడుగు వేశారు. తొడ పక్కనుండే పొర నుంచి ఓ పట్టీ తీసి, ఎముకల్లో తొలిచిన సొరంగాల గుండా పంపి కొత్త లిగమెంటుగా అమర్చారు. ఈనాటి ఆపరేషన్‌కు మూలం అదే ఆలోచన. అప్పట్లో మోకాలు మొత్తం తెరిచేవారు, కంటికి కనిపించిన చోట తొలిచేవారు.

ఆ మరుసటి ఏడాదే టోక్యోలో కెంజి తకాగి మూత్రాశయాన్ని పరీక్షించే గొట్టంతో ఓ మృతదేహం మోకాలి లోపలికి చూశారు. ఆయన శిష్యుడు మసాకి వతనబే దశాబ్దాల పాటు శ్రమించి దాన్ని పనికొచ్చే ఆర్థ్రోస్కోప్‌గా మలిచారు. 1980లో ఇంగ్లండ్‌లో డేవిడ్ డాండీ ఆర్థ్రోస్కోప్ సాయంతో ఏసీఎల్ పునర్నిర్మాణం చేశారు. పెద్ద కోత పోయింది, వేలెడు కూడా లేని రంధ్రాలు వచ్చాయి. రోగికి నొప్పి తగ్గింది, ఆసుపత్రిలో ఉండాల్సిన రోజులూ తగ్గాయి.

అయితే ఒక చిక్కు కూడా వచ్చి పడింది. తెర మీద బొమ్మ పెద్దదైంది కానీ చూపు కోణం ఇరుకైంది. చిన్న రంధ్రంలోంచి, ఏటవాలు కటకంతో చూస్తూ, గుండ్రటి ఎముక మీద సరైన బిందువును పట్టుకోవాలి. చేతి అంచనా అక్కడ చాలదు. డ్రిల్‌కు దారి చూపే గైడ్‌లు పుట్టింది ఈ అవసరంలోంచే.

బల్ల మీద ఏముంటాయి?

ఆపరేషన్ థియేటర్‌లో పని రెండు చోట్ల సాగుతుంది. పక్క బల్ల మీద సహాయ వైద్యుడు గ్రాఫ్ట్ సిద్ధం చేస్తుంటాడు. స్నాయువును మడతలు పెట్టి, కొసలు కుట్టి, కొలత దిమ్మెలోని రంధ్రాల్లో దూర్చి చూస్తాడు. ఆ రంధ్రాలు అర మిల్లీమీటరు తేడాతో వరసగా ఉంటాయి. ఏడులో పట్టేసి, ఏడున్నరలో సాఫీగా జారితే గ్రాఫ్ట్ లావు ఏడున్నర. సొరంగం కూడా అంతే ఉండాలి. వదులుగా తొలిస్తే గ్రాఫ్ట్ ఎముకకు అతకడం కష్టం. ఈ లావుకు మరో ప్రాముఖ్యం ఉంది. 256 మంది రోగులపై 2012లో వచ్చిన ఓ అమెరికా అధ్యయనంలో, ఎనిమిది మిల్లీమీటర్లకు మించని హ్యామ్‌స్ట్రింగ్ గ్రాఫ్ట్ పడినవాళ్లకు, ముఖ్యంగా ఇరవై ఏళ్లలోపు వాళ్లకు, మళ్లీ ఆపరేషన్ అవసరమైన సందర్భాలు ఎక్కువగా కనిపించాయి. అందుకే సన్నగా వస్తే మరో మడత వేసి లావు పెంచుతారు.

అసలు బల్ల మీద కాలి ఎముక వంతు. దీనికి వాడే గైడ్ అర్ధచంద్రాకారంలో ఉంటుంది. ఒక కొస కీలు లోపల, సొరంగం తేలాల్సిన చోట ఆనుతుంది. మరో కొస బయట, ఎముక ముందు భాగాన నిలుస్తుంది. మధ్యలో డిగ్రీల గీతలు. సాధారణంగా 45 నుంచి 55 మధ్య పెట్టి బిగిస్తారు. ఇక బయటి గొట్టంలోంచి 2.4 మిల్లీమీటర్ల గైడ్ వైరు పంపితే, అది లోపలి కొస దగ్గరే తేలాలి. లోపలి కొస ఎక్కడ ఆనించాలో చెప్పే గుర్తులు ఆ మోకాలిలోనే ఉంటాయి. ఒకటి, తెగిన లిగమెంటు మిగిల్చిన మొదలు. రెండోది, రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్‌లలో బయటివైపు దాని ముందు కొమ్ము వెనక అంచు. వైరు సరైన చోట తేలిందని తెర మీద చూసుకున్నాకే, దాని మీదుగా బోలు డ్రిల్ ఎక్కించి సొరంగం తొలుస్తారు. వైరు తప్పు చోట తేలితే వెనక్కి తీసి మళ్లీ వేయొచ్చు. దానివల్ల మిగిలేది సన్నటి రంధ్రమే. ఎనిమిది మిల్లీమీటర్ల డ్రిల్ తిరిగాక వెనక్కి పోవడం తేలిక కాదు.

తొడ ఎముక దగ్గర వాడే ఆఫ్‌సెట్ గైడ్ చూడటానికి చిన్నదే, కానీ లెక్క గట్టిది. దాని కొసన ఓ నాలుక ఉంటుంది. అది గాడి గోడ వెనక అంచును పట్టుకుంటుంది. నాలుక నుంచి వైరు దిగే రంధ్రం దాకా దూరం ముందే ఖాయం. ఆరు మిల్లీమీటర్ల గైడ్ తీసుకుని ఎనిమిది మిల్లీమీటర్ల సొరంగం తొలిస్తే ఏమవుతుంది? సొరంగంలో సగం, అంటే నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి పోతుంది. ఆరులో నాలుగు తీస్తే రెండు. సొరంగం వెనక రెండు మిల్లీమీటర్ల ఎముక గోడ మిగులుతుంది. గోడ మరీ పల్చబడితే పగిలి గ్రాఫ్ట్ పట్టు తప్పుతుంది. మరీ మందంగా ఉంటే సొరంగం ముందుకు జరిగిపోతుంది. రెండు తప్పుల మధ్యనున్న ఆ ఇరుకు దారిని కొలిచి ఇచ్చే గైడ్ ఇది.

ఒక దారి మూసుకుంటే మరోదారి

1990ల్లో చాలామంది వైద్యులు కాలి ఎముక సొరంగంలోంచే తొడ ఎముకనూ తొలిచేవారు. పని త్వరగా అయ్యేది. కానీ కింది సొరంగం ఏ దిశలో ఉంటే పై సొరంగమూ ఆ దిశకే పోవాలి. దాంతో పై సొరంగం గాడి కప్పు వైపు, ఎత్తుగా పడేది. గ్రాఫ్ట్ నిటారుగా నిలిచేది. మెలిక దగ్గర మోకాలు జారుతోందన్న ఫిర్యాదులకు ఇదో ముఖ్య కారణమని తర్వాత తేలింది.

అప్పుడు వైద్యులు లోపలివైపు నుంచి వేరే రంధ్రం పెట్టి, అందులోంచి తొడ ఎముకను విడిగా తొలవడం మొదలుపెట్టారు. ఇందుకోసం మోకాలిని 110 నుంచి 120 డిగ్రీల దాకా బాగా మడవాలి. మడత చాలకపోతే సొరంగం పొట్టిదవుతుంది, వెనక గోడ పగిలే ప్రమాదమూ ఉంది. అంతగా మడవక్కర్లేకుండా వంగే వైర్లు, వంగే డ్రిల్లులు వచ్చాయి. బయటి నుంచి సన్నగా లోపలికి వెళ్లి, కీలులో కొస విప్పుకుని, వెనక్కి లాగుతూ సొరంగం తొలిచే డ్రిల్లులూ వచ్చాయి. ఇవన్నీ చేసిన మేలు ఒకటే. చోటును వైద్యుడే ఎంచుకోగలుగుతున్నాడు, కింది సొరంగానికి కట్టుబడాల్సిన పని లేదు.

మరి ఆ చోటు ఏది? గాడి బయటి గోడ మీద సన్నటి గట్టు ఒకటి ఉంటుంది. ఏసీఎల్ దాని వెనకే అతుక్కుంటుంది. శిక్షణలో ఉన్న వైద్యులు ఆ గట్టునే ఎముక వెనక అంచు అనుకుని, దాని ముందు తొలిచేసేవారు. గట్టు కనిపించాలంటే మెత్తటి కణజాలాన్ని జాగ్రత్తగా తొలగించాలి. అతిగా చెక్కితే గట్టూ పోతుంది, గుర్తూ పోతుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో సర్జన్ ఫ్రెడ్డీ ఫు జీవితమంతా ఇదే బోధించారు. ప్రతి మనిషి మోకాలూ వేరు, ముందు దాన్ని కొలవమన్నారు. లిగమెంటు అతుక్కున్న జాగా పొడవు వెడల్పులను కీలులోకి దూర్చే స్కేలుతో కొలిచి, ఆ కొలతల ప్రకారమే సొరంగం వేయాలన్నది ఆయన పట్టు. 2021లో ఆయన కన్నుమూసేనాటికి ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

ఎక్స్‌రే గళ్లు, కంప్యూటరు కళ్లు

కెమెరాతో చూసింది సరైనదేనా అని సరిచూసుకోవడానికి ఎక్స్‌రే ఉంది. 1997లో బెర్నార్డ్, హెర్టెల్ అనే వైద్యులు ఓ గళ్ల పద్ధతి చెప్పారు. మోకాలిని పక్క నుంచి తీసిన ఎక్స్‌రే మీద, గాడి కప్పు గీతను ఆధారం చేసుకుని నిలువునా అడ్డంగా నాలుగేసి భాగాలు చేస్తారు. లిగమెంటు మధ్యబిందువు వెనక నుంచి లెక్కిస్తే దాదాపు పావు వంతు దగ్గర, కప్పు నుంచి కిందికి పావు వంతుకు కాస్త దిగువన ఉంటుంది. థియేటర్‌లో సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం ఉంటే, డ్రిల్ తిరగకముందే వైరు ఏ గడిలో పడిందో చూసుకోవచ్చు. రెండోసారి ఆపరేషన్‌లో, పాత గుర్తులన్నీ చెదిరిన మోకాలిలో, ఇది చాలా అక్కరకొస్తుంది.

మరోవైపు కంప్యూటర్ నావిగేషన్ వచ్చింది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ బృందం 1995లోనే తొలి పరీక్షల వివరాలు ప్రచురించింది. రెండు ఎముకలకూ గుర్తు పరికరాలు బిగిస్తారు. కెమెరా వాటి కదలికను పసిగడుతుంది. ఫలానా బిందువులో తొలిస్తే మోకాలు మడిచినప్పుడు గ్రాఫ్ట్ ఎంత సాగుతుందో, ఎక్కడ రాసుకుంటుందో తెర మీద ముందే కనిపిస్తుంది. రోగి సీటీ స్కాన్‌ను బట్టి త్రీడీ ప్రింటింగ్‌లో ఆ మోకాలికే సరిపడే గైడ్ తయారుచేసే ప్రయత్నాలూ జరుగుతున్నాయి.

ఇంత చేశాక రోగికి ఒరిగిందేమిటి? వైద్య పరీక్షల ఫలితాలను క్రోడీకరించే కాక్రేన్ సంస్థ 2014 సమీక్షలో ఈ ప్రశ్నే వేసుకుంది. ఐదు పరీక్షలు, 366 మంది రోగుల ఫలితాలను పరిశీలించింది. కంప్యూటర్ సాయంతో చేసినా, మామూలు గైడ్‌లతో చేసినా రోగి మోకాలి పనితీరులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆపరేషన్ సమయం మాత్రం 9 నుంచి 27 నిమిషాలు పెరిగింది. ఇందులో ఆశ్చర్యం లేదు. చూపించిన బిందువును యంత్రం తప్పకుండా పట్టుకుంటుంది. ఆ బిందువు ఈ రోగికి సరైనదా కాదా అన్నది వైద్యుడే తేల్చాలి. అనుభవమున్న చేతికి మామూలు గైడ్ సరిపోతుంది. శిక్షణకు, పరిశోధనకు, మళ్లీ చేసే క్లిష్టమైన ఆపరేషన్లకు నావిగేషన్ విలువైనదే. రోగి మాత్రం కంప్యూటర్ ఉందన్న ప్రకటన చూసి ఆసుపత్రిని ఎంచుకోనక్కర్లేదు.

బిగించడంలోనూ కొలతే

సొరంగాలు సరిగా పడ్డాక గ్రాఫ్ట్‌ను నిలబెట్టాలి. జపాన్ వైద్యుడు మసాహిరో కురొసాకా బృందం 1987లో సొరంగంలోనే గ్రాఫ్ట్ పక్కన దిగే లావుపాటి స్క్రూ ఎంత పట్టు ఇస్తుందో పరీక్షించి చూపింది. ఆ తర్వాత తొడ ఎముక బయటి వైపు అడ్డంగా తిరిగి కూర్చునే చిన్న లోహపు బటన్లు వచ్చాయి. బటన్ వాడేముందు సొరంగం పొడవును గేజ్‌తో కొలవాలి. కొలత తప్పితే బటన్ ఎముకకు ఆనకుండా కండరంలో చిక్కుకుంటుంది. బిగించాక వైద్యుడు కాలిని చాచి, కెమెరాతో గ్రాఫ్ట్ కప్పుకు రాసుకుంటోందేమో చూస్తాడు. మోకాలిని చేత్తో ముందుకు లాగి పట్టు పరీక్షిస్తాడు. తర్వాతి నెలల్లో కేటీ-1000 లాంటి పరికరంతో 134 న్యూటన్ల బలం పెట్టి లాగి, రెండు మోకాళ్లూ ఎంతెంత జరుగుతున్నాయో పోల్చవచ్చు. తేడా మూడు మిల్లీమీటర్లు దాటకపోతే గ్రాఫ్ట్ పట్టు బాగున్నట్టే.

అందరికీ కత్తి అక్కర్లేదు

ఏసీఎల్ తెగిందనగానే ఆపరేషన్ బల్ల ఎక్కనక్కర్లేదు. స్వీడన్‌లో 121 మంది యువకులతో చేసిన పరీక్ష ఫలితాలు 2010లో వచ్చాయి. వెంటనే ఆపరేషన్ చేసినవాళ్లకూ, ముందు వ్యాయామ చికిత్సతో మొదలుపెట్టి అవసరమైతేనే చేసినవాళ్లకూ రెండేళ్ల తర్వాత మోకాలి స్థితిలో తేడా కనిపించలేదు. రెండో వర్గంలో సగానికి పైగా మందికి ఆ రెండేళ్లలో కత్తి అవసరమే రాలేదు. కబడ్డీ, ఫుట్‌బాల్, బ్యాడ్మింటన్ లాంటి మలుపుల ఆటలు ఆడేవాళ్లకు, నడకలోనే మోకాలు జారుతున్నవాళ్లకు, మెనిస్కస్ కూడా చిరిగినవాళ్లకు ఆపరేషన్ వైపు మొగ్గు ఉంటుంది. మోకాలు పదేపదే జారుతున్నా పట్టించుకోకపోతే మెనిస్కస్, మృదులాస్థి దెబ్బతింటాయి. వ్యాయామ చికిత్స ఎంచుకున్నవాళ్లు కూడా వైద్యుడి కంట్లో ఉండాల్సిందే.

ఆపరేషన్ ఎంత కచ్చితంగా జరిగినా గ్రాఫ్ట్ లిగమెంటుగా మారడానికి నెలలు పడుతుంది. తొలి వారాల్లో అది అమర్చిన నాటి కంటే బలహీనపడి, ఆ తర్వాతే బలం పుంజుకుంటుంది. అమెరికా, నార్వే వైద్యులు 106 మందిని గమనించి 2016లో చెప్పిన సంగతి ప్రతి ఆటగాడూ, ప్రతి కోచ్ గుర్తుంచుకోవాలి. తొమ్మిది నెలల వరకు ఆటలోకి దిగడాన్ని వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ గాయమయ్యే ముప్పు దాదాపు సగానికి తగ్గింది.

డాక్టర్‌ని ఇవి అడగండి

• నాకు ఆపరేషన్ తప్పనిసరా? వ్యాయామ చికిత్సతో కొన్నాళ్లు చూడొచ్చా?

• గ్రాఫ్ట్ ఎక్కడి నుంచి తీస్తారు? సన్నగా వస్తే ఏం చేస్తారు?

• తొడ ఎముక సొరంగాన్ని ఏ దారిన తొలుస్తారు? చోటు సరైనదేనని డ్రిల్ చేసేముందు ఎలా సరిచూసుకుంటారు?

• ఇలాంటి ఆపరేషన్లు మీరు తరచూ చేస్తుంటారా?

• ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రే తీసి, సొరంగాలు ఎక్కడ పడ్డాయో నాకు చూపిస్తారా?

• ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలవుతుంది? ఎవరు చేయిస్తారు?

ఈ ప్రశ్నలకు విసుక్కోకుండా జవాబిచ్చే వైద్యుడు, కొలత దిమ్మె, గైడ్, స్కేలు ఉన్న థియేటర్, క్రమం తప్పని ఫిజియోథెరపీ... మోకాలిని నిలబెట్టేవి ఈ మూడూ. మన ఊళ్లలో కబడ్డీ ఆడే పిల్లలకు, రోజూ బండి మీద తిరిగే కుర్రాళ్లకు ఈ గాయం ఎప్పుడైనా తగలొచ్చు. మోకాలు వాచి, ఆ తర్వాత ఒక్కసారి జారినా సరే, బెణుకని వదిలేయకండి. కట్టు కట్టించుకుని ఊరుకోకుండా ఎముకల వైద్యుడికి చూపించండి. కత్తి తప్పదంటే పై ప్రశ్నలు అడగండి. ఆ తర్వాత తొమ్మిది నెలలు ఓపిక పట్టండి.